ముసలోళ్ళకు పండ్లు పోతే ఏం పెట్టియ్యాలె: సెట్టా, బ్రిడ్జా, ఇంప్లాంటా?

"డెబ్బై దాటినంక ఇంప్లాంట్లు ఎందుకు, ఏదో ఒక సెట్టు పెట్టిస్తే సరిపోతది గదా" అనే మాట మస్తు మంది కొడుకులు, బిడ్డలు అంటరు, కొందరు పెద్దోళ్ళు వాళ్ళకు వాళ్ళే అంటరు. నేను డాక్టర్ని కాదు, హన్మకొండల డెంటల్ ల్యాబ్‌ల పని చేస్త, డాక్టర్లు పంపిన కొలతలను బట్టి సెట్లు (తీసి పెట్టుకునే పండ్లు), బ్రిడ్జిలు (పక్క పండ్లకు అతికించేవి), ఇంప్లాంట్ (దవడ ఎముకల దింపే స్క్రూ) మీది క్యాపులు తయారు చేసుడు నా పని. రోజూ నా చేతికి వచ్చే అచ్చులు చూస్తే ఒకటి మాత్రం గట్టిగ చెప్పగల్గుత: ఏది పెట్టియ్యాలె అనేది వయసు చూసి తేల్చొద్దు. దవడల ఎముక ఎంత మిగిలింది, చిగుర్లు ఎట్లున్నయి, షుగరు ఎంతుంది, ఇంట్ల ఆ నోరు శుభ్రం జేసేటోళ్ళు ఎవరున్నరు అనేది చూడాలె. 80 ఏండ్ల ముసలాయినకు గట్టి ఎముక ఉండుడు చూసిన, 50 కూడ నిండని మనిషికి కింది దవడ కత్తి అంచంత సన్నగ అయిపోవుడు గూడ చూసిన.

అసలు పండ్లకు, వయసుకు ఎంత సంబంధం ఉన్నదో ముందు చెప్త, ఎందుకంటే దాంట్లనే సగం జవాబు ఉన్నది. మన దిక్కు పెద్దోళ్ళకు పుట్టిన తారీఖు పక్కాగ తెల్వది. "రజాకార్ల టైముల నేను పాలు తాగే పిల్లను" అని అవ్వ అంటది, ఆధార్‌ల జనవరి 1 అని పెట్టి ఏదో సంవత్సరం రాసి ఉంటది. పండ్లు చూసి వయసు చెప్పొచ్చా అంటే చెప్పొచ్చు, దానికి 1950ల గుస్తాఫ్‌సన్ అనే స్వీడన్ ఆయన ఒక పద్ధతి పెట్టిండు. పన్ను అంచు ఎంత అరిగింది, చిగురు ఎంత జారింది, పన్ను లోపల కొత్త డెంటిన్ (పై పెంకు కింద ఉండే గట్టి భాగం) ఎంత పేరుకున్నది, వేరు మీద సిమెంటం అనే పొర ఎంత మందం అయింది, వేరు ఎంత కరిగింది, వేరు కొస ఎంత పారదర్శకం అయింది, ఈ ఆరింటికి 0 నుంచి 3 దాకా మార్కులేసి వయసు లెక్క గట్టుడు. అయితే దానికి పన్ను పీకి, సన్నగ అరగదీసి చూడాలె, బతికున్న మనిషికి అది కుదరదు. అందుకని 1995ల క్వాల్ అనే ఆమె, వాళ్ళ టీమూ పన్ను పీకకుండ ఎక్స్‌రేలనే లోపలి గుజ్జు గది, పన్ను సైజు కొలిచి నిష్పత్తి తీసే పద్ధతి తెచ్చిన్రు, 2004ల కామెరియేరే అనే ఇటలీ ఆయన కోరపన్ను మీద అట్లాంటిదే చేసిండు.

పిల్లలకు ఇంకో లెక్క. వాళ్ళ పండ్లు దవడ లోపల తయారైతున్న దశను చూస్తరు, 1973ల డెమిర్జియన్ పెట్టిన ఎనిమిది దశలు ఇప్పటికీ వాడుతరు, కింది దవడ ఎడమ దిక్కు ఏడు పండ్లు చూస్తరు. పెరిగే పిల్లల పండ్లు దాదాపు ఒక టైం టేబుల్ ప్రకారం వస్తయి కాబట్టి చాలాసార్లు ఏడాది అటు ఇటుగ వయసు దొర్కుతది. పెద్దోళ్ళకొచ్చేసరికి ఆ తేడా ఐదేండ్లు, పదేండ్లు కూడా పోతది. ఎందుకంటే పెద్దయినంక పన్ను అరుగుడు, చిగురు జారుడు మనిషి బతుకును బట్టి ఉంటది. జొన్న రొట్టె, మక్క గుడాలు తిన్నోళ్ళ పండ్లు ఒక తీరు, బీడీ తాగినోళ్ళ చిగుర్లు ఒక తీరు, రాత్రి నిద్రల పండ్లు కొరికేటోళ్ళయి ఇంకో తీరు. చట్టం గూడ ఒంటి పరీక్షను చివరికే నమ్ముతది, పిల్లల కేసులకున్న 2015 జువెనైల్ జస్టిస్ యాక్ట్ 94వ సెక్షన్ల మొదలు బడి సర్టిఫికెట్, అది లేకుంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్, ఆ రెండూ లేనప్పుడే మెడికల్ పరీక్ష. ఇంత సైన్సు పెట్టి చూసినా ఒక ముసలాయిన నోరు చూసి పదేండ్ల లోపు తేడాతోని వయసు చెప్పుడే కష్టం అయినప్పుడు, ఆధార్ మీది వయసు చూసి ఆయన నోట్లకు ఏది సరిపోతదో ఎట్ల తేలుస్తం?

పన్ను ముసలైతే ఇంకోటి అయితది, ఇది అందరు తెల్సుకోవాలె. లోపలి గుజ్జు గది ఏండ్లు గడిచిన కొద్ది చిన్నగ అయితది, నరం సన్నబడ్తది, కాబట్టి పుచ్చు లోపలికి పోయినా జివ్వుమని గుంజదు. "నాకేం నొప్పి లేదు బిడ్డా" అంటరు, వచ్చేసరికి పన్ను సగం విరిగి ఉంటది. పైన చిగురు జారి వేరు బయట పడ్తది, వేరు మీద ఎనామిల్ (పన్ను పై గట్టి పెంకు) ఉండదు, అక్కడ పుచ్చు జల్ది పడ్తది. బీపీ గోలీలు, నిద్ర గోలీలు, డిప్రెషన్ గోలీలల్ల కొన్నిటికి నోరు ఎండిపోతది, ఉమ్మి తగ్గితే పుచ్చు ఇంక తొందరగ పెరుగుతది. ఇంట్ల 60 దాటినోళ్ళు ఉంటే నొప్పి ఉన్నదా లేదా అని అడుగుడు పక్కకు పెట్టి, ఏడాదికి ఒకసారన్నా డాక్టర్‌కు చూపియ్యండ్రి.

ఇగ ఎంపిక దగ్గరికి వద్దాం. మొట్టమొదటి పోలిక ఏందంటే పన్ను ఉంచుకునుడా, పీకించుకునుడా. ఇది చాలా మంది దాటేసి నేరుగ ఇంప్లాంట్ రేటు అడుగుతరు. కదలకుండ గట్టిగ ఉన్న పన్ను, పుచ్చు చిగురు కింద మరీ లోతుకు పోకుండ ఉంటే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసుకునుడే మేలు, ఖర్చు తక్కువ, ఎముక అట్లనే ఉంటది. ముసలి పన్నుకు రూట్ కెనాల్ కష్టం అన్న మాట నిజమే, కాలువలు సన్నబడి ఉంటయి, ఒక్కొక్కసారి దొర్కవు, అందుకని అవసరమైతే దాంట్లనే స్పెషలిస్ట్ అయిన డాక్టర్ దగ్గరికి పోవాలె గని "పెద్ద వయసు కదా పీకేద్దాం" అనుడు సరికాదు. అదే పన్ను రెండు దిక్కులా ఊగుతుంటే, వేరు నిలువున పగిలి ఉంటే, చుట్టు ఎముక లేకుంటే దాన్ని పట్టుకొని కూసునుడు గూడ నష్టమే, ఆ ఇన్ఫెక్షన్ పక్క ఎముకను గూడ తింటది.

పీకించినంక ఆలోచిద్దాం అని ఏండ్లకేండ్లు ఆగొద్దు. పన్ను పోయిన చోట ఎముక కరుగుడు ఆగదు, ఏడాదిల ఆ చోట వెడల్పు దాదాపు సగం తగ్గుతది, అందుల ఎక్కువ భాగం మొదటి 3 నెలలల్లనే పోతది. పీకకముందే తర్వాత ఏం పెట్టాలనేది డాక్టర్‌తోని మాట్లాడుకుంటే మంచిది.

ఒకటో రెండో పండ్లు పోయినోళ్ళకు మూడు దారులున్నయి. తీసి పెట్టుకునే చిన్న సెట్టు అన్నిటికంటే చౌక, కానీ పక్క పండ్లకు కొక్కెం పట్టి ఉంటది కాబట్టి అక్కడ తిండి ఇరికి పుచ్చు పడ్తది, రోజూ తీసి కడుగుడు తప్పదు. మెత్తగ వంగే ఫ్లెక్సిబుల్ సెట్లు చూడ్డానికి బాగుంటయి, చాలా మంది అదే అడుగుతరు, కానీ అది చిగురు మీదనే బరువేస్తది, విరిగితే మేం దాన్ని సరిగ్గ అతికియ్యలేం, కొత్తది చేసుడే, కాబట్టి కొన్ని నెలలు నడిపియ్యడానికి తప్ప ఏండ్ల కొద్ది వాడడానికి నేను చెప్ప. దాని కంటే లోహంతోని పోత పోసిన కాస్ట్ పార్షియల్ మేలు, పక్క పండ్ల మీద సరిగ్గ ఆన్తది.

బ్రిడ్జి అంటే రెండు దిక్కుల పండ్లను అరగదీసి, మధ్యల ఉత్త పన్ను వేలాడదీసుడు. ఆ రెండు పండ్లకు ముందే పెద్ద ఫిల్లింగో, రూట్ కెనాలో అయ్యుండి ఎట్లనో క్యాప్ వేయాల్సినవే అయితే బ్రిడ్జి మంచి ఎంపిక, రెండు మూడు సార్లు పోతే పని అయిపోతది, కోత లేదు, షుగరు ఎక్కువున్నోళ్ళకు గూడ కుదురుతది. అదే ఆ రెండూ నిండు ఆరోగ్యంగ ఉన్న పండ్లయితే వాటిని చెక్కుడు నాకు మనసొప్పదు, ఒక పన్ను కోసం రెండు మంచి పండ్లను పాడు జేసినట్టు. అట్లాంటప్పుడు ఇంప్లాంట్ ముందు వరుసల ఉండాలె, ఎందుకంటే అది పక్క పండ్లను ముట్టదు.

ఇంప్లాంట్ ఏంది అంటే టైటానియం స్క్రూ దవడ ఎముకల దింపుడు, ఎముక దాని మీదికి పెరిగి పట్టుకుంటది. ఇది స్వీడన్ల బ్రోనెమార్క్ అనే ఆయన 1952ల కుందేలు ఎముకల పెట్టిన టైటానియం ఊడి రాకపోవుడు చూసి కనిపెట్టిండు, 1965ల మొదటి మనిషికి పెట్టిండు. అప్పుడు కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలలు ఆగి పైన పన్ను పెట్టేటోళ్ళు, పై దవడ ఎముక కొంచెం స్పాంజి తీర్గ ఉంటది కాబట్టి. ఇప్పుడు స్క్రూ మీద గరుకు పూత వచ్చినంక ఆ టైం తగ్గింది. సరిగ్గ పెట్టిన ఇంప్లాంట్లు పదేండ్ల తర్వాత సుమారు 95 శాతం నోట్లనే ఉంటున్నయని స్టడీలు చెప్తున్నయి, 65 దాటినోళ్ళల్ల గూడ ఆ లెక్క పెద్దగ తగ్గదు. నేను మొదట చెప్పింది అందుకే.

ఒక చిన్న విషయం, క్యాప్ ఎట్ల బిగిస్తరు అని అడగండ్రి. సిమెంటుతోని అతికించే తీరు ఉన్నది, స్క్రూతోని బిగించే తీరు ఉన్నది. సిమెంటు చిగురు కిందికి జారి అట్లనే ఉండిపోతే చుట్టు ఎముక కరుగుతది. స్క్రూ అయితే రేపు ఏమన్నా అయినా విప్పి, బాగు చేసి మళ్ళ బిగియ్యొచ్చు. కుదిరే చోట పెద్దోళ్ళకు స్క్రూ తీరే అడగాలె అని నా అభిప్రాయం.

నోట్ల పండ్లన్ని పోయినోళ్ళ దగ్గర అసలు తేడా కనపడ్తది. పై సెట్టు సాధారణంగ బాగనే నిలుస్తది, అంగిలి అంత కప్పి గాలి పట్టుతోని అతుక్కుంటది. కింది సెట్టే అందరిని ఏడిపిస్తది, నాలుక కదిలినప్పుడల్లా లేస్తది, ఆనడానికి చోటు తక్కువ. పైగా పండ్లు పోయినంక కింది దవడ ఎముక పై దవడ కంటే దాదాపు నాలుగింతలు కరుగుతదని 1972ల టాల్‌గ్రెన్ అనే ఆమె పాతికేండ్లు వెంటబడి చూసిన లెక్క ఉన్నది. అందుకనే ఐదారేండ్లకు ఒకసారి సెట్టు వదులైందని వస్తరు, పౌడర్లు, క్రీములు పెట్టుకుంటరు, చివరికి డబ్బాల పెట్టి ఉత్త చిగుర్లతోనే తింటరు. మెత్తగ పిసికిన అన్నం, చారు మీద బతుకుడు, సంక్రాంతికి అందరు సకినాలు తింటుంటే పాలల్ల నానేసుకొని తినుడు. ఆ నమలలేకపోవుడుతోని పప్పులు, కూరగాయలు, మాంసం తగ్గిపోయి మనిషే సన్నబడ్తడు, దాన్ని వయసు మీద తోస్తం.

దీనికి నాకు బాగ నచ్చిన దారి రెండు ఇంప్లాంట్ల సెట్టు. కింది దవడల ముందు భాగంల రెండే ఇంప్లాంట్లు పెట్టి, సెట్టు లోపల బటన్ తీర్గ ఒక అటాచ్‌మెంట్ పెడ్తం, టక్కున పట్టుకుంటది, చేత్తోని తీసి కడుక్కోవచ్చు. 2002ల కెనడాల మెక్‌గిల్ యూనివర్సిటీ దగ్గర జమైన నిపుణులు పండ్లన్ని పోయిన కింది దవడకు మామూలు సెట్టు మొదటి ఎంపిక కావద్దు, రెండు ఇంప్లాంట్ల సెట్టే ఉండాలె అని తేల్చిన్రు. ఆ ముందు భాగంల ఎముక చివరిదాకా మిగులుతది, నరం తగిలే భయం గూడ తక్కువ. ఖర్చు మామూలు సెట్టు కంటే ఎక్కువే, కానీ మొత్తం ఫిక్స్‌డ్ పండ్ల ఖర్చు కంటే చాలా తక్కువ. లోపలి నైలాన్ ముక్క కొన్ని నెలలకో, ఏడాదికో వదులైతది, మార్పిస్తే అయిపోతది. ఉన్న పాత సెట్టు మంచిగుంటే దాంట్లనే అటాచ్‌మెంట్ పెట్టొచ్చు, ఈ సంగతి డాక్టర్‌ను అడగండ్రి, చాలా మందికి తెల్వదు. పై దవడకైతే రెండు చాలవు, ఎముక మెత్తగ ఉంటది కాబట్టి సాధారణంగ నాలుగు పెడ్తరు.

అస్సలు తీయకుండ ఫిక్స్‌డ్ కావాలంటే ఆల్ ఆన్ ఫోర్ అని ఉన్నది, పోర్చుగల్ డాక్టర్ పౌలో మాలో పేరు మీద చెప్తరు. నాలుగు ఇంప్లాంట్లు, వెనకవి రెండు ఏటవాలుగ దింపుతరు, అప్పుడు పైన సైనస్‌కు (ముక్కు పక్కన ఉండే గాలి గదికి), కింద నరానికి తగలకుండ ఎముక దొర్కుతది, చాలాసార్లు ఎముక పూడ్చే ఆపరేషన్ అక్కర పడదు. అదే రోజో, మర్నాడో తాత్కాలికం పండ్లు బిగిస్తరు, కొన్ని నెలలకు పక్కావి. తినడానికి, మాట్లాడడానికి దీనికి సాటి లేదు. కానీ ఖర్చు లక్షలల్ల పోతది, ఇంకా దాని కింద రోజూ ప్రత్యేకమైన దారంతోనో, నీళ్ళ పంపుతోనో కడగాలె. చేతులు వణికేటోళ్ళు, కండ్లు సరిగ్గ కనపడనోళ్ళు అది చేసుకోలేరు. ఇంట్ల ఒకరు చేస్త అని ముందుకొస్తేనే దీని జోలికి పోండ్రి.

"మూడు రోజులల్ల ఫిక్స్‌డ్ పండ్లు" అనే బోర్డులు ఇప్పుడు ఎటు చూసినా కనపడుతున్నయి. అందుల చాలా వరకు బేసల్ ఇంప్లాంట్ పద్ధతి, ఒకే ముక్క స్క్రూ, ఎముక లోతుల ఉండే గట్టి పొరల పట్టు తీసుకుంటది. ఎముక బాగా కరిగినోళ్ళకు, ఏటూరునాగారం, భూపాలపల్లి అవతలి నుంచి నెలలకొద్ది తిరగలేనోళ్ళకు ఇది ఆశగ కనపడుడు సహజమే. నా మాట ఏందంటే, మామూలు రెండు ముక్కల ఇంప్లాంట్‌కు ఉన్నన్ని ఏండ్ల స్టడీలు దీనికి లేవు, ఒక్క స్క్రూ పోయినా మొత్తం బ్రిడ్జి మీద పడ్తది, ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే ముట్టుకోవడానికి వెనకాడుతడు. తొందర కోసమే అయితే వద్దు. దూరమే అడ్డం అయితే రెండు ఇంప్లాంట్ల సెట్టుకు గూడ ఎక్కువసార్లు తిరగాల్సిన పని ఉండదు.

మందుల సంగతి దాచొద్దు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎముకలు పలచబడినయని ఏడాదికి ఒక్కసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సూది తీసుకుంటున్నా, వారానికి ఒక గోలి వేసుకుంటున్నా, ఆరు నెలలకు ఒకసారి డెనోసుమాబ్ సూది తీసుకుంటున్నా డెంటల్ డాక్టర్‌కు ముందే చెప్పాలె, వాటితోని పన్ను పీకిన చోట ఎముక మానకుండ చచ్చిపోయే ముప్పు ఉన్నది. పెద్దోళ్ళు దాన్ని బలం సూది అనుకొని చెప్పరు. క్యాన్సర్‌కు ఎక్కువ డోసుల తీసుకునేటోళ్ళకు, దవడకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నోళ్ళకు ఇంప్లాంట్ ఊసు సాధారణంగ ఎత్తరు. గుండెకు స్టంట్ పడి రక్తం పలచబడే గోలీలు వాడేటోళ్ళు వాటిని సొంతంగ ఆపొద్దు, గుండె డాక్టర్‌ను అడిగినంకనే ఏదైనా. షుగరున్నోళ్ళు మూడు నెలల షుగరు పరీక్ష (HbA1c) చేయించాలె, 7 దరిదాపుల ఉంటే భయం తక్కువ, 8 దాటితే ముందు దాన్ని దించుకొని తర్వాత రండ్రి. బీడీలు, చుట్ట తాగుతుంటే ఇంప్లాంట్ పాడయ్యే ముప్పు పెరుగుతది. గుట్క, అంబర్ తిని నోరు రెండు వేళ్ళంత గూడ తెరుచుకోనోళ్ళకు పనిముట్లే లోపలికి పోవు, పైగా నోట్ల ఏర్పడే ఆ తెల్లటి గట్టి పొర క్యాన్సర్‌కు దారి తియ్యొచ్చు కాబట్టి పండ్ల కంటే ముందు అది చూపియ్యాలె, వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు పోయినా సరే.

వయసు నిజంగ అడ్డం వచ్చేది చిన్న వయసుల. బండి మీది నుంచి పడి ముందు పన్ను పోయిన పదిహేనేండ్ల పిల్లగానికి ఇంప్లాంట్ పెట్టమని అమ్మానాన్నలు పట్టుబడ్తరు. పెట్టొద్దు. దవడ ఇంకా పెరుగుతుంటది, ఇంప్లాంట్ ఎముకకు గట్టిగ అతుక్కొని అక్కడనే ఆగిపోతది, పక్క పండ్లు కిందికి దిగుతుంటే అది మాత్రం పైననే కురచగ కనపడ్తది. సాధారణంగ ఆడపిల్లలకు 18, మగపిల్లలకు 20, 21 దాకా ఆగమంటరు, అప్పటిదాకా చిన్న సెట్టో, పక్క పన్నుకు అతికించే రెక్క బ్రిడ్జో పెట్టి నడపాలె.

ఇంప్లాంట్ అనుకుంటే ఓపీజీ (రెండు దవడలు ఒక్కటే ఫొటోల కనపడే ఎక్స్‌రే) ఒక్కటి చూసి ఒప్పుకోవద్దు, అది నిడివి చూపిస్తది గని ఎముక మందం చూపియ్యదు, సీబీసీటీ అనే 3డి స్కాన్ తీసినంకనే నరం ఎక్కడున్నదో, మందం ఎంతున్నదో తెలుస్తది. రేటు మాట్లాడేటప్పుడు స్క్రూకు ఎంత, పై క్యాప్‌కు ఎంత, ఎముక పొడి వేస్తే ఎంత అని విడివిడిగ రాయించుకోండ్రి, తక్కువ రేటు చెప్పి క్యాప్ వేరే అనేటోళ్ళు ఉన్నరు. కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్ అడిగి దాచుకోండ్రి, అది స్విట్జర్లాండ్ స్ట్రామన్ కానీ, కొరియా ఆస్టెమ్ కానీ, మన దేశంది కానీ, పదేండ్లకు స్క్రూ వదులైతే సరిపోయే పనిముట్టు దొర్కాలంటే ఆ స్టిక్కరే ఆధారం.

సెట్టు ఏదైనా రాత్రి తీసి నీళ్ళల్ల వేయాలె. జపాన్ల 85 దాటినోళ్ళ మీద చేసి 2015ల వేసిన ఒక స్టడీల, సెట్టుతోనే పండుకునేటోళ్ళకు నిమోనియా ముప్పు రెండింతలకు పైన కనపడ్డది. పక్షవాతం వచ్చినోళ్ళకు, మతిమరుపు ముదిరినోళ్ళకు ఫిక్స్‌డ్ పండ్ల కంటే తీసి కడిగే సెట్టే మేలు అని నేను అనుడు గూడ అందుకే, కోడలో బిడ్డనో తీసి కడిగి పెట్టగల్గుతరు.

సెట్టు చేయించేటప్పుడు డాక్టర్‌తోని ఒక్క మాట చెప్పించండ్రి, లోపలి దిక్కు పేరు ఉన్న చిన్న చీటి పెట్టమని. మేం ప్లాస్టిక్ పోసేటప్పుడు పెడ్తం, బయటికి కనపడదు, కడిగినా పోదు. వార్డులల్ల ముసలోళ్ళ సెట్లు ఒకరివి ఒకరికి మారుతయి, మేడారం జాతరల తప్పిపోయి ఊరి పేరు చెప్పలేని పెద్దోళ్ళు ఉంటరు, అప్పుడు ఆ చీటి పనికొస్తది. మైనం మీద పండ్లు పెట్టి సరిచూసే రోజునే చెప్పాలె, సెట్టు తయారైనంక చెప్తే కష్టం.